కూతురింటి పెరట్లో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, ఇంట్లో పిల్లి, ఏడాదిన్నర మనవడు: ఏ లిల్లీ ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

ప్రశ్న: మేడం నమస్తే. మాది హన్మకొండ. ఏప్రిల్ల న్యూజెర్సీకి మా బిడ్డ దగ్గరికొచ్చినం, సెప్టెంబర్ల పోతం. వీళ్ళ ఇంటెనక మేపుల్ చెట్టు కింద పోయిన వారం నుంచి చిన్న చిన్న తెల్ల గంటల్లాంటి పూలు పూస్తున్నయి, వాసనైతే ఏం చెప్పాలె, మనసు నిండిపోతున్నది. ఫోన్ల ఫోటో కొట్టి చూస్తే లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అని వచ్చింది. పోయేటప్పుడు నాలుగు వేర్లు తడిబట్టల చుట్టి సూట్‌కేసుల పెట్టుకుందామనుకుంటున్న, హన్మకొండల బతుకుతయా? ఇంకోటి, మా మనవడికి ఏడాదిన్నర, ఏది దొరికితే అది నోట్లె పెట్టుకుంటడు. ఆ మొక్కలు విషమంట, పీకేద్దామని మా బిడ్డ అంటది. అల్లుడేమో లిల్లీ పూలు మన ఇండ్లల్ల దండలు కట్టి దేవునికి ఏస్తలేమా, ఏం కాదంటడు. ఇంట్ల పిల్లి గూడ ఉంది. మదర్స్ డేకి తెచ్చిన పెద్ద లిల్లీల బొకే టేబుల్ మీదనే ఉంది, పిల్లికి ఏమన్న అయితదా? హన్మకొండల మా ఇంట్ల పీస్ లిల్లీ, రెయిన్ లిల్లీ, మే నెలల పూసే ఎర్ర బంతి లిల్లీ, గోడ మీద పాకే గ్లోరీ లిల్లీ ఉన్నయి. దసరాకి పిల్లలందరు వస్తరు. ఏది ఉంచాలె, ఏది తియ్యాలె చెప్పండి.

జవాబు: అక్కా, నమస్తే. ముందు ఆ బొకే సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరడిగిన మిగతావన్నీ ఒక వారం ఆగినా పర్లేదు, అది ఆగదు. మదర్స్ డే బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు, అంటే తెల్లటి బాకాల్లాంటివి గానీ, గులాబీ రంగు మీద చుక్కలుండే స్టార్‌గేజర్ గానీ, నారింజ పసుపు రంగుల్లో ఉండే ఏషియాటిక్ లిల్లీలు గానీ, ఇవన్నీ అసలు సిసలు లిల్లీలు, లీలియం జాతి. మనుషులకి వీటితో పెద్ద ప్రమాదం లేదు, కుక్క నమిలినా కడుపు పాడై వాంతులతో పోతుంది, పిల్లికి మాత్రం కిడ్నీలు పోతాయి. ఆకు, రేకు, కాడ ఏది కొంచెం కొరికినా అంతే, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా అంతే, వాజ్‌లో నీళ్ళు తాగినా అంతే. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది కదా, టేబుల్ ఎక్కి పూల పక్క నుంచి పోయినప్పుడు తోకకి పుప్పొడి అంటినా చాలు. అందుకే ఎత్తులో పెట్టాం, పిల్లి అటు పోదు అనే మాట నేను ఒప్పుకోను, పిల్లి పోలేని ఎత్తు ఇంట్లో ఉండదు.

కాబట్టి ఇది చదవగానే ఆ బొకే కవర్లో కట్టి బయట డస్ట్‌బిన్‌లో వేయించండి, వాజ్ కడిగెయ్యండి, టేబుల్ మీద రాలిన పసుపు పొడి తడిగుడ్డతో తుడవండి. పూలొచ్చి ఇప్పటికి వారం దాటి, పిల్లి మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే గండం గడిచినట్టే అనుకోండి. కానీ ఇవాళో నిన్నో కొరికినట్టు కనపడితే, అంటే ఆకు మీద పంటి గాట్లో, మూతి మీద పసుపు మరకో కనపడితే, ఏమవుతుందో చూద్దాం అని కూర్చోవద్దు. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపొమ్మనండి, రాత్రయితే ఎమర్జెన్సీ క్లినిక్‌కి. మొదటి కొన్ని గంటల్లో వాంతులు, చొంగ, తిండి మానెయ్యడం కనపడతాయి, తర్వాత కాస్త తేరుకున్నట్టు కూడా అనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు, ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు పనిచెయ్యడం ఆగిపోతుంది. సెలైన్ ఎక్కించడం తొందరగా, పద్దెనిమిది గంటల లోపు మొదలుపెడితే బతికే అవకాశం బాగా ఉంటుంది, అది దాటితే కష్టం. అమెరికాలో ఇళ్ళ ముందు, రోడ్ల పక్కన జూన్ జులైలో నారింజ రంగులో గుంపులు గుంపులుగా పూసే డేలిల్లీ ఉంటుంది చూశారా, అది లీలియం కాదు, పేరుకే లిల్లీ, మన కలబంద కుటుంబానికి చెందింది, ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. చైనావాళ్ళు దాని మొగ్గలు ఎండబెట్టి కూరల్లో, సూపుల్లో వేసుకుని తింటారు, పిల్లికి మాత్రం అది కూడా కిడ్నీలు తీసేస్తుంది. మీ అమ్మాయి వాళ్ళ కంచె పొడుగునా అది ఉందేమో చూడండి, పిల్లి బయట తిరిగేదైతే అదీ తీయించాలి.

ఇంక మీ మనవడు, మేపుల్ చెట్టు కింద పూలు. మీ అమ్మాయి చెప్పిందే నిజం అక్కా. ముందు మొక్క అదేనని ఖాయం చేసుకోండి, ఫోన్ యాప్‌లు ఒక్కోసారి తప్పు చెప్తాయి. నేలలోంచి రెండు ఆకులు, అరుదుగా మూడు, జానెడు పొడుగున నున్నగా లేచి, ఒకదాని మొదలు ఇంకొకటి చుట్టుకుని ఉంటాయి. వాటి పక్క నుంచి సన్నటి కాడ వచ్చి కాస్త వంగి, పూలన్నీ ఒకే వైపుకి తలవంచుకుని వేలాడతాయి, ఒక్కో గంట అంచు ఆరు చిన్న ముక్కలుగా బయటికి మడిచినట్టు ఉంటుంది. ఇలా ఉంటే అది లిల్లీ ఆఫ్ ది వ్యాలీనే, శాస్త్రీయ నామం కాన్వలేరియా మజాలిస్, అందులో అనుమానం లేదు. దాని ఆకు, పువ్వు, వేరు, కాయ అన్నీ విషమే. ఎలాంటి విషం అంటే మన గన్నేరులో ఉండే బాపతు, గుండె మీద పనిచేసేది. గన్నేరు పప్పు సంగతి మన ఊళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఈ మొక్కలో ఉండే కాన్వలటాక్సిన్ కూడా ఆ వర్గం పదార్థమే, గుండె జబ్బుకి డాక్టర్లు రాసే డిగాక్సిన్ కూడా అదే తరహా. వికారం, వాంతులు, కడుపునొప్పి, తర్వాత గుండె కొట్టుకోవడం నెమ్మదించడం, లయ తప్పడం, ఇదీ వరస.

భయపెట్టడానికి చెప్పట్లేదు. ఒక ఆకు కొరికి ఉమ్మేసిన పిల్లలు చాలామంది ఏమీ కాకుండానో, కాస్త వాంతులతోనో బయటపడతారు. అయినా ఏడాదిన్నర పిల్లాడు, తన నోట్లోకి ఎంత పోయిందో చెప్పలేడు, ఒళ్ళు చిన్నది, కాబట్టి ఇందులో మనం లెక్కలు వేసుకోకూడదు. నిజంగా ఎప్పుడైనా నోట్లో పెట్టుకున్నట్టు కనపడితే నోరు వేలితో శుభ్రం చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ దేశంలో పాయిజన్ కంట్రోల్ వాళ్ళ నంబర్ 1-800-222-1222, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, వాళ్ళకి ఫోన్ చెయ్యమనండి, పిల్లాడు మత్తుగా ఉన్నా, స్పృహ తప్పినా నేరుగా 911. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడాలు, మజ్జిగ పొయ్యడాలు మాత్రం దయచేసి వద్దు, మన పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు కానీ అది హాని. ఆ నంబర్ ఇవాళే ఫ్రిజ్ మీద అంటించండి. మీ ఇద్దరి ఫోన్లలో కూడా పెట్టుకోండి, ఎందుకంటే పగలంతా పిల్లాడితో ఉండేది మీరే కదా, అమ్మాయి అల్లుడు ఆఫీసుకి పోతారు.

మొక్కల్ని ఏం చెయ్యాలి అంటే, ఇప్పుడు పూత మీద ఉన్నాయి కాబట్టి మీ చేతిలో ఒక సులువైన పని ఉంది. పూలు వాడిపోగానే ఆ పూకాడలన్నీ మొదలుకి కత్తిరించెయ్యండి. అలా చేస్తే కాయలు రావు. అసలు ప్రమాదం ఆ కాయలతోనే, మొదట పచ్చగా ఉండి వేసవి చివరికి నారింజ కలిసిన ఎరుపులోకి తిరుగుతాయి, చిన్నగా గుండ్రంగా నిగనిగలాడుతూ, ఏ పిల్లాడైనా చెయ్యి చాపకుండా ఉండలేడు. పూలు కోసి గ్లాసులో పెట్టుకుంటే ఆ నీళ్ళు పిల్లాడికి, పిల్లికి అందకుండా చూసుకోండి, ఆ నీళ్ళల్లోకి కూడా విషం దిగుతుంది. ఇది పిల్లికి, కుక్కకి కూడా గుండె మీదే దెబ్బ కొడుతుంది, బొకే లిల్లీలాగా కిడ్నీల మీద కాదు, దారి వేరైనా ప్రమాదం ప్రమాదమే.

పూర్తిగా తీసెయ్యాలంటే మాత్రం ఓపిక కావాలి. పైన ఆకులు పీకితే పోదు, నేల లోపల అడ్డంగా వేళ్ళు పాక్కుంటూ పోతాయి, వాటి మీద మొగ్గల్లాంటి పిలకలు ఉంటాయి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది. వాన పడి మట్టి మెత్తబడ్డప్పుడు గ్లవ్స్ వేసుకుని, తవ్వుకోలుతో జానెడు లోతు దాకా కదిపి, వేళ్ళన్నీ ఏరి యార్డ్ వేస్ట్ సంచిలో వేయించండి, కంపోస్ట్‌లో వెయ్యొద్దు. ఆ తర్వాత అక్కడ అట్టముక్కలు పరిచి పైన చెక్కపొట్టు మందంగా కప్పమనండి, వచ్చే ఏడు అక్కడక్కడా లేస్తే అప్పుడు మళ్ళీ పీకడమే, రెండు మూడు వసంతాలు పట్టొచ్చు. మీ మోకాళ్ళతో ఈ పని మీరు పెట్టుకోకండి, ఈ వాదన పెట్టింది అల్లుడుగారే కాబట్టి ఆయనకే అప్పజెప్పండి. ఇప్పటికిప్పుడు కుదరకపోతే పిల్లాడు పోకుండా ఆ చెట్టు చుట్టూ చిన్న వైరు కంచె వేసినా ఈ ఏడాదికి సరిపోతుంది, నా మటుకు నేను పిల్లాడు నాలుగైదేళ్ళవాడైతే మొక్కని ఉంచి వాడికి చెప్పుకునేదాన్ని, ఏడాదిన్నర కాబట్టి తీసెయ్యమంటున్నా.

ఒక్క మాట ఇక్కడే చెప్పెయ్యాలి, మన ఆడవాళ్ళకి పెరట్లో లేతాకు కనపడితే ఏ ఆకుకూరో అని తుంచి వాసన చూసే అలవాటు ఉంటుంది కదా. అమెరికాలో వసంతంలో ర్యాంప్స్ అని అడవి వెల్లుల్లి ఆకులు ఏరుకుని వండుకుంటారు, ఈ మధ్య మనవాళ్ళు కూడా పప్పులో, పచ్చడిలో వేస్తున్నారు. ఆ ఆకూ ఈ ఆకూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, యూరప్‌లో కూడా అక్కడి అడవి వెల్లుల్లి అనుకుని దీన్ని తిని ఆస్పత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. నలిపితే వెల్లుల్లి వాసన రావాలి, కానీ ఒకసారి చేతికి వాసన పట్టాక అన్నీ ఆ వాసనే కొడతాయి, కాబట్టి అడవిలో ఏరుకోకుండా మార్కెట్లో అమ్మే కట్ట కొనుక్కోండి, అంతే.

ఇప్పుడు అల్లుడుగారి మాటకొద్దాం. ఆయన అబద్ధం చెప్పలేదు. వరంగల్ మార్కెట్లో గానీ, హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో గానీ కిలోల లెక్కన తూచి అమ్మే లిల్లీ పూలు దండల్లోకి, పెళ్ళి మండపాల్లోకి, దేవుడి పటాలకి రోజూ వాడతాం. కానీ అది నేలసంపెంగ. మెక్సికో నుంచి వచ్చిన మొక్క, మన రైతులు లిల్లీ సాగు అనేది దీన్నే. దాన్ని చూసి బొకేలో లిల్లీ, పెరట్లో లిల్లీ అన్నీ ఒకటే అనుకుంటే అక్కడ తేడా వస్తుంది. వెనకటికి శాస్త్రవేత్తలే ఆరు రేకులు, దుంప వేరు, పొడుగాటి ఆకులు ఉన్న మొక్కలన్నిట్నీ లిల్లీ కుటుంబం అని ఒకే గంపలో వేసేవాళ్ళు, 1998 నుంచి డీఎన్‌ఏ చూసి విడదీశాక ఆ కుటుంబం చెల్లాచెదురైపోయింది. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పోయి ఆస్పరాగస్ కుటుంబంలో పడింది, మన పిల్లిపీచర అదే శతావరి ఉన్న చోట. నేలసంపెంగ కూడా అందులోనే ఉంది. అంటే మీ పెరట్లో గంటపూలకీ, మీ ఊరి దండల్లో లిల్లీకీ చుట్టరికం ఉంది, టేబుల్ మీద బొకే లిల్లీ ఆ రెంటికీ దూరం. అయినా చుట్టరికం ఉంది కదా అని విషం లేదనుకోకూడదు, నేలసంపెంగలో ఆ గుండె విషం లేదు, దీంట్లో ఉంది. అల్లుడుగారికి ఈ ముక్క చెప్తే ఆయన మాటా నిలుస్తుంది, మీ అమ్మాయి మాటా నెగ్గుతుంది.

ఇక సూట్‌కేసు. అక్కా, నా మాట విని ఆ ఆలోచన మానుకోండి. మొదటిది, ఆ మొక్కకి చలికాలం కావాలి, మామూలు చలి కాదు, నేల లోపల పిలకలు రెండు మూడు నెలల పాటు ఐదు డిగ్రీల లోపు ఉండాలి, అప్పుడే వాటికి నిద్ర తీరి వసంతంలో పూకాడ లేస్తుంది. హన్మకొండలో జనవరి రాత్రి మనకి దుప్పట్లు చాలకపోయినా అది పదీ పన్నెండు డిగ్రీల దగ్గరే కదా, పగలు మళ్ళీ ఎండ. ఆపైన మే నెల నలభై మూడు డిగ్రీల్లో ఆ వేరు కుళ్ళిపోవడమో ఎండిపోవడమో ఖాయం. ఫ్రిజ్‌లో పెట్టి చలి ఇస్తే అని మీరు అడగొచ్చు, నిజమే, యూరప్‌లో నర్సరీలవాళ్ళు అలాగే చలిగదుల్లో పెట్టిన పిలకల్ని తీసి కాలం కాని కాలంలో పూయిస్తారు, ఒకసారి పూస్తుంది, మన దగ్గర ఆ తర్వాత బతకదు. పూసే ఆ పది రోజుల కోసం విషం ఉన్న వేరుని ఇంట్లో ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన పెట్టుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

రెండోది చట్టం. విదేశాల నుంచి దుంప గానీ, వేరు గానీ, విత్తనం గానీ మన దేశంలోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా ఇంపోర్ట్ పర్మిట్, మొక్కకి పురుగు, తెగులు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. నాలుగు వేళ్ళే కదా అనిపిస్తుంది, కానీ ఆ వేళ్ళకి అంటిన మట్టిలో ఏ పురుగు గుడ్లు, ఏ తెగులు వస్తుందో కంటికి కనపడదు. మన పొలాల గట్లన్నీ ఆక్రమించిన వయ్యారిభామ కూడా ఒకప్పుడు అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందనే చెప్తారు, దాని పాపానికి ఇప్పటికీ రైతులు దద్దుర్లతో, ఆయాసంతో బాధపడుతున్నారు. ఇక ఆన్‌లైన్‌లో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ విత్తనాలు అని నీలం, ఊదా, ఎరుపు రంగు గంటల ఫోటోలు పెట్టి అమ్ముతున్నారు, అవి అసలు లేవు. ఆ మొక్కకి ఉన్నది తెలుపు, ఇంకా రోజియా అని లేత గులాబీ రకం, అంతే. విత్తనం నిజమైనదే అయినా మొలిచి పూతకి రావడానికి ఏళ్ళు పడుతుంది, అదీ చల్లటి దేశంలో.

మీరు ఆ వాసన మీద అంత మనసు పారేసుకున్నారు కాబట్టి దాని కథ కొంచెం చెప్తా. ఫ్రాన్స్‌లో మే 1న ఒకరికొకరు ఈ పూల కాడ ఇచ్చుకోవడం ఆనవాయితీ, ఏడాదంతా మంచి జరుగుతుందని. 1561లో తొమ్మిదో చార్లెస్ రాజుకి ఎవరో ఈ పువ్వు ఇస్తే ఆయనకి నచ్చి, ఆ తర్వాత ప్రతి వసంతంలో కోటలో ఆడవాళ్ళకి పంచాడని చెప్పుకుంటారు. కార్మిక దినం కూడా అదే రోజు కాబట్టి ఆ రోజు వీధి వీధిలో మామూలు జనం కూడా బల్లలు వేసుకుని ఈ కాడలు అమ్ముతారు. ఫిన్లాండ్‌కి ఇది జాతీయ పుష్పం. ఇంత వాసన ఉన్న పువ్వు నుంచి అత్తరు తీయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు, మల్లె నుంచి, గులాబీ నుంచి తీసినట్టు దీంట్లోంచి నూనె రాదు. అందుకని సెంట్లు చేసేవాళ్ళు వేరే పదార్థాలు కలిపి ఈ వాసన కడతారు. 1956లో డియోర్ కంపెనీకి ఎడ్మండ్ రుద్నిత్స్కా అనే ఆయన చేసిన డియోరిస్సిమో ఈ వాసనకి పేరుమోసిన సెంటు, ఆయన ఈ మొక్కల్ని తోటలో పెంచుకుని పూసినప్పుడల్లా వాసన చూస్తూ దాన్ని కట్టాడు. కాబట్టి స్వచ్ఛమైన లిల్లీ ఆఫ్ ది వ్యాలీ ఎసెన్షియల్ ఆయిల్ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి, అది కలిపి చేసిందే. ఒకప్పుడు ఈ వాసన కోసం సబ్బుల్లో, షాంపూల్లో తెగ వాడిన లిలియాల్ అనే రసాయనాన్ని 2022 మార్చిలో యూరప్‌లో సౌందర్య సాధనాల్లో నిషేధించారు, సంతానశక్తికి చేటు అని. పాత స్టాక్ సబ్బు ఏదైనా కొనేటప్పుడు వెనక ఆ పేరు ఉందేమో చూడండి. మంచి కంపెనీ సబ్బో సెంటో ఒకటి కొనుక్కుని అది సూట్‌కేసులో పెట్టుకోండి, ఆ వాసన హన్మకొండ చేరే దారి ఇదొక్కటే.

ఇప్పుడు మీ ఇంటి మొక్కలు. అన్నిట్లోకి నన్ను కలవరపెట్టింది ఆ గోడ మీద గ్లోరీ లిల్లీ. అది మన అడవి నాభి అక్కా, గ్లోరియోసా సుపర్బా. ఆకు చివరే తీగలా చుట్టుకుని పాకుతుంది, రేకులు అంచులు ముడతలు పడి మంటలాగా పైకి లేస్తాయి, కింద పసుపు పైన ఎరుపు, చాలా అందంగా ఉంటుంది, తమిళనాడుకి అది రాష్ట్ర పుష్పం కూడా. కానీ దాని దుంపలో కోల్చిసిన్ ఉంటుంది, గింజలోనూ ఉంటుంది. గౌట్ వాతానికి మందుగా వాడేది అదే, ఆ మందు కోసమే తమిళనాడులో రైతులు దీన్ని గింజల పంటగా వేస్తారు. మందు కావాల్సిన మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. దుంప చూడ్డానికి నాగలి ఆకారంలో, ఏదో పెండలం, చిలగడదుంప బాపతులా కనిపిస్తుంది, అలా పొరబడి ఉడికించుకు తిని చనిపోయినవాళ్ళు ఉన్నారు, శ్రీలంకలో, మన దేశంలో. మొదట మామూలు వాంతులు విరేచనాల్లాగే మొదలవుతుంది, రెండో రోజుకి ఒంట్లో ఒక్కొక్క అవయవం దెబ్బతింటుంది, విరుగుడు అందుబాటులో ఉండదు. దసరాకి పిల్లలందరూ వస్తారన్నారు, మట్టిలో ఆడతారు. అందుకే ఇది మాత్రం తీయించెయ్యండి, దుంపలతో సహా, గ్లవ్స్ వేసుకుని, ఎవరికీ ఇవ్వకుండా, పశువులు తినే చోట పారెయ్యకుండా. ఎవరైనా దీన్ని మోకాళ్ళ నొప్పులకి నూరి తాగమని చెప్తే ఆ మాట చెవిన కూడా వేసుకోకండి. ఎప్పుడైనా ఎవరైనా తిన్నారని తెలిస్తే 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి, మొక్క ముక్క కూడా వెంట తీసుకుని.

పీస్ లిల్లీ విషయంలో అంత కంగారు అక్కర్లేదు. అది లిల్లీ కానే కాదు, కంద, చేమ, మనీప్లాంట్ కుటుంబం. కంద కోస్తే చేతులు ఎందుకు దురద పుడతాయో, సరిగ్గా ఉడకని చేమదుంప గొంతులో ఎందుకు గీరుతుందో, దీని ఆకు నమిలినా అందుకే నోరు మండుతుంది, సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. పిల్లాడు కొరికితే ఏడుస్తాడు, పెదాలు కాస్త వాస్తాయి, నోరు కడిగి చల్లటివి ఇస్తే చాలావరకు తగ్గిపోతుంది, ఊపిరి తీసుకోవడం కష్టమైతేనే ఆస్పత్రి. పిల్లి కిడ్నీలకి దీనితో గొడవ లేదు. అల్మరా మీదకి ఎక్కించండి, చాలు. గాలి శుభ్రం చేస్తుందని నర్సరీవాళ్ళు చెప్పే మాట మాత్రం పట్టించుకోకండి. 1989లో నాసా వాళ్ళు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో పెట్టి చేసిన ప్రయోగం అది, మామూలు ఇంట్లో కిటికీ తీస్తే వచ్చే గాలి ముందు కుండీ చేసేది ఏమీ లేదు. అందం కోసం పెంచుకోండి, నీడలో కూడా తెల్లగా పూస్తుంది, అది చాలదా.

రెయిన్ లిల్లీ, మే నెల ఎర్ర బంతి లిల్లీ రెండూ ఉల్లి, వెల్లుల్లి కుటుంబానికి చెందినవి, అందుకే గడ్డలు అచ్చం చిన్నుల్లిపాయల్లా ఉంటాయి, రెయిన్ లిల్లీ ఆకులు ఉల్లికాడల్లా ఉంటాయి. గడ్డలో విషం ఉంది, తింటే వాంతులు గట్టిగా అవుతాయి. తీసెయ్యక్కర్లేదు, కానీ కుండీ మార్చేటప్పుడు తీసిన గడ్డలు వంటింటి గట్టు మీద, ఉల్లిపాయల బుట్ట దగ్గర పెట్టకండి, కొత్తిమీర, ఉల్లికాడలు వేసుకున్న మడిలో వీటిని కలపకండి. తొలకరి పడ్డ మూడు నాలుగు రోజులకి రెయిన్ లిల్లీ కుండీ నిండా గులాబీ రంగు విచ్చుకునే అందం దేనికొస్తుంది చెప్పండి, దాన్ని పోగొట్టుకోవద్దు. గోడవారన మెట్టతామర ఉంటే, కాన్నా లిల్లీ అంటారు దాన్ని, నిశ్చింతగా ఉంచుకోండి, తొట్టిలో కలువ ఉన్నా అంతే, దాన్ని వాటర్ లిల్లీ అంటారు గానీ విషం గొడవ లేదు, తొట్టిలో నీళ్ళ దగ్గర పిల్లాడు ఒంటరిగా లేకుండా చూసుకోవడమే.

మరి ఆ గోడ ఖాళీ అవుతుంది కదా, వాసన మీద మీ కోరిక కూడా తీరాలి. అక్కడ ఎండ బాగా పడుతుందంటే నేలసంపెంగ వెయ్యండి, గోడ పక్కన నేలలో అయినా సరే, పన్నెండంగుళాల కుండీల్లో అయినా సరే. తిరిగి వెళ్ళాక సెప్టెంబర్‌లో తొందరపడొద్దు, ఫిబ్రవరి దాకా ఆగి వేస్తే మొక్క పుంజుకుంటుంది, వేసిన ఎనభై నుంచి వంద రోజులకి పూకాడ వస్తుంది. గడ్డ రెండున్నర మూడు సెంటీమీటర్ల లావు ఉండాలి, చిన్నవి ఆ ఏడాది పూయవు. రెండంగుళాల లోతులో, గడ్డకీ గడ్డకీ జానెడు దూరంలో పెట్టి, మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలపండి, నీళ్ళు నిలబడితే గడ్డ కుళ్ళిపోతుంది కాబట్టి మొలక వచ్చేదాకా మట్టి తడి ఆరాకే పొయ్యండి. సాయంత్రం చీకటి పడ్డాక దాని వాసన పెరుగుతుంది, రాత్రి తిరిగే చిమ్మెటల కోసం అన్నమాట. నర్సరీలో డబుల్ రకం చూపించి రేకులు ఎక్కువ అంటారు, మీకు కావాల్సింది వాసన కాబట్టి సింగిల్ అడగండి. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవాళ్ళ ప్రజ్వల్ దొరికితే అది తీసుకోండి, మొగ్గ మీద కాస్త గులాబీ ఛాయ ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు.